వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుందా, పెరుగుతుందా?

ఒకరు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారు, ఇంకొకరు మోటార్లకు వైండింగ్ కట్టే మెకానిక్. వోల్టేజీ, కరెంటు కొలిస్తే చాలు, రెసిస్టెన్స్, పవర్ రెండూ తేలిపోతాయని మాస్టారి వాదన. అన్నిచోట్లా తేలవని మెకానిక్ వాదన.

మాస్టారు: వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్. మా గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. భాగిస్తే 26.4 ఓమ్‌లు, గుణిస్తే 2000 వాట్లు. గీజరు మీద రాసి ఉన్నదీ 2000 వాట్లే. ఇందులో పేచీ ఏముందయ్యా?

మెకానిక్: గీజరుతో పేచీ లేదండీ. లోపల ఉన్నది ఉత్త కాయిల్, లాగిన కరెంటంతా వేడైపోతుంది. వోల్టేజీ 180కి పడిపోతే?

మాస్టారు: అదే 26.4తో భాగించు. 6.8 ఆంపియర్లు, అంటే 1225 వాట్లు. నీళ్లు కాగడానికి ఇంకాస్త సేపు పడుతుంది, అంతే.

మెకానిక్: మీ దగ్గర చదువుకున్న పిల్లలు ఇదే లెక్క బోరు మోటారుకీ వేస్తున్నారు మాస్టారూ, నా బాధంతా అది. వోల్టేజీ తక్కువుంది కాబట్టి కరెంటూ తక్కువే లాగుతుంది, మోటారుకేం కాదులే అని స్విచ్ వేసేస్తారు. 230 దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగే ఒక హెచ్‌పీ మోటారు, 180 దగ్గర ఎనిమిదిన్నర దాకా లాగుతుంది. తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పెట్టి చూపిస్తాను రండి. పంపు నీళ్లు తోడే పని తగ్గలేదు కదా, వోల్టేజీలో పడ్డ లోటుని కరెంటుతో పూడ్చుకుంటుంది.

మాస్టారు: అంటే 1827లో ఓమ్ ప్రకటించిన సూత్రం తప్పంటావా?

మెకానిక్: ఆయన్ని నేనెందుకు తప్పుపడతానండీ. ఆయన కొలిచింది తీగల్ని. తిరిగే మోటారుని కాదు.

మాస్టారు: తీగల్నే, అదీ ఎంత జాగ్రత్తగానో! అప్పటి సెల్స్‌లో వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. అందుకని రెండు లోహాల అతుకులు తీసుకుని, ఒకటి మరిగే నీళ్లలో, ఒకటి మంచులో పెట్టి, కదలని వోల్టేజీ సంపాదించాడు. వేడి మారితే రెసిస్టెన్స్ మారుతుందని మేమూ చెబుతూనే ఉన్నాం. పాత 100 వాట్ల బల్బుని మల్టీమీటర్‌తో కొలువు, 40 ఓమ్‌లు చూపిస్తుంది. 230 వోల్టుల మీద వెలిగించి భాగించు, 529 వస్తుంది. ఫిలమెంటు రెండున్నర వేల డిగ్రీల దగ్గర ఉన్నప్పటి నిజం 529. నీ మీటరు చెప్పలేనిది నా భాగహారం చెప్పింది.

మెకానిక్: బల్బు దగ్గర మీదే పైచేయి, ఒప్పుకుంటాను. మోటారు దగ్గర తిరగబడుతుంది. 230ని ఆరున్నరతో భాగించండి.

మాస్టారు: 35 ఓమ్‌లు.

మెకానిక్: వైండింగ్‌ని మీటరుతో చూస్తే 3 ఓమ్‌లే ఉంటుంది. మీ 35 నిజంగా రెసిస్టెన్స్ అయితే, లాగిన 1500 వాట్లూ వైండింగ్‌లోనే వేడైపోవాలి. మరి నీళ్లు పైకి ఎక్కేదెలా? తిరిగే మోటారులో సరఫరాకి ఎదురుగా ఇంకో వోల్టేజీ పుడుతుంది. కరెంటుని ఎక్కువగా ఆపేది అదే. పంపు జామ్ అయి మోటారు తిరగకపోతే చూడండి, కరెంటు ఐదారు రెట్లవుతుంది. తీగ అదే, వోల్టేజీ అదే.

మాస్టారు: పోనీ, గుణకారమైనా ఒప్పుకో. 1500 వాట్లు.

మెకానిక్: అదీ కాదండీ. 3200 ఇంపల్స్ అని, అంటే యూనిట్‌కి లైటు 3200 సార్లు మిణుకుతుందని, రాసి ఉన్న ఇంటి మీటరు తీసుకోండి. మిగతావన్నీ ఆపేసి మోటారు ఒక్కటే నడిపితే, 1500 వాట్లకి లైటు నిమిషానికి 80 సార్లు మిణకాలి. ఇలాంటి మోటారుకి 59 దగ్గర ఆగుతుంది. అంటే 1100 వాట్లు. మిగిలిన తేడా పవర్ ఫ్యాక్టర్ వల్ల, అంటే మీ గుణకారంలో నిజంగా ఖర్చయ్యే వంతు. మోటారుకి ఆ మూడో అంకె లేకుండా లెక్క పూర్తి కాదు.

మాస్టారు: సరే, పవర్ ఫ్యాక్టర్ చేర్చి చెబుతాను. కానీ వోల్టేజీ తగ్గితే వైండింగ్ ఎందుకు కాలుతుందో నువ్వు చెప్పాలన్నా నా సూత్రం దగ్గరికి రావాల్సిందే. కరెంటు వర్గాన్ని 3 ఓమ్‌లతో గుణించు. ఆరున్నరకి 127 వాట్ల వేడి, ఎనిమిదిన్నరకి 217.

మెకానిక్: ఆ 217 అంకెనే బోర్డు మీద రాయండి మాస్టారూ! నా దగ్గరికొచ్చే కాయిల్స్‌లో రాగి నల్లబడి, వార్నిష్ పెచ్చులై, ముట్టుకుంటే రాలిపోతుంది. కరెంటు మితిమీరితే మోటారుని ఆపేసే రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోందని, అది లేకుండా డైరెక్ట్ చేసేసి ఉంటారు. ఎక్కువ కరెంటు లాగుతోందని అది మొత్తుకుంటుంటే నోరు నొక్కేశారన్నమాట.

మాస్టారు: రిలే ఎంత దగ్గర పెట్టాలి?

మెకానిక్: మోటారు ప్లేటు మీద ఉన్న ఆంపియర్ల దగ్గర. అంతకు మించి ఒక్క గీత కూడా తిప్పకూడదు.

మాస్టారు: అయితే పదో తరగతికి ఇదే లెక్క ఇస్తాను. 180 వోల్టులు, ఒక గీజరు, ఒక మోటారు. రెండింటికీ కరెంటు ఎంత? సూత్రం మాత్రం మార్చను.

మెకానిక్: మార్చొద్దండీ. మోటారు కరెంటుని భాగహారంతో తేల్చకుండా, కొలిచి రాయమనండి చాలు.