ఆకాశం వారి చీటీపాట

నెల్లూరు జిల్లా ప్రజల తరఫున ఆకాశం మీద ఒక ఫిర్యాదు ఇవ్వాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అది ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో ఎవరూ తేల్చి చెప్పకపోవడంతో ఇక్కడ రాయాల్సి వచ్చింది. నేరం: లైసెన్సు లేకుండా చీటీలు నడపడం, సభ్యులకు చెప్పకుండా నిబంధనలు మార్చడం.

చీటీ అంటే ఏమిటో మా వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. అందరూ నెలనెలా కడతారు, ఒకరు ఎత్తుకుంటారు. ఆకాశం చేసేదీ ఇదే. బంగాళాఖాతం కడుతుంది, సోమశిల జలాశయం కడుతుంది, ఊరి చెరువు కడుతుంది, వరికయ్య కడుతుంది, మా దండెం మీద ఆరేసిన లుంగీ కూడా తన వంతు కడుతుంది. ఎవరికీ రసీదు లేదు.

వసూలైన నీళ్ళన్నీ గాలి అనే పెట్టెలో పడతాయి. ఆ పెట్టె సైజు సంగతి పంతొమ్మిదో శతాబ్దంలోనే తేలిపోయింది. క్లాపెరాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు మొదలుపెట్టిన లెక్కను క్లౌసియస్ అనే జర్మన్ ఆయన సరిచేశాడు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో పట్టే నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. రెండో డిగ్రీకి మళ్ళీ 7 శాతం, అదీ పెరిగిన మొత్తం మీద. ఫిజిక్సు వాళ్ళు దీనికి పెద్ద సమీకరణమే రాశారు గానీ, చిన్నబజారులో ఏ కొట్టు గుమాస్తాను అడిగినా ఒక్క ముక్కలో చెబుతాడు, చక్రవడ్డీ అని.

ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. పెట్టె పెద్దదైతే చేతికొచ్చే మొత్తమూ పెద్దదే కదా. మోసమంతా అవతల ఉంది. పెట్టె డిగ్రీకి 7 శాతం పెరుగుతుంటే, ప్రపంచం మొత్తం మీద ఏడాదికి కురిసే వాన మాత్రం డిగ్రీకి రెండు మూడు శాతమే పెరుగుతుందని శాస్త్రవేత్తల అంచనా. పెట్టె పెరిగినంతగా కట్టుబడి పెరగలేదన్నమాట. నిండటానికి ఎక్కువ రోజులు పడుతుంది. నిండేదాకా ఎవరికీ పైసా రాలదు. నిండిన రోజున మొత్తం ఒకరి నెత్తిన కుమ్మరించి దులుపుకుపోతారు. ఆ ఒకరు ఎవరన్నది తెలుసుకోవడానికి పాటా ఉండదు, చీటీ తీయడమూ ఉండదు.

పూర్వం మాకు ఆకాశం వాయిదాల్లో ఇచ్చేది. దాని పేరు ముసురు. కార్తీకంలో పట్టిందంటే మూడు నాలుగు రోజులు వదిలేది కాదు. మా అవ్వ కుంపటి మీద గంప బోర్లించి, దాని మీద పసిపిల్లల గుడ్డలు ఆరబెట్టేది. ఇల్లంతా పొగ వాసన, తడిగుడ్డ వాసన. జాడీలో ఉప్పు ముద్దయ్యేది. అగ్గిపుల్ల గీస్తే మందు ఊడొచ్చేది గానీ మంట వచ్చేది కాదు. బడికి సెలవు కూడా ఇచ్చేవాళ్ళు కాదు. ముసురుకల్లా సెలవిస్తే ఇక బడెందుకు? ఎంత తిట్టుకున్నామో! ఇప్పుడు తలుచుకుంటే అది ఒకటో తారీఖు జీతంలాంటిదని అర్థమవుతోంది. నేల ఎంత తాగగలదో అంతే పోసేది. చెరువు నింపాదిగా నిండేది. బావిలో నీళ్ళు గుట్టుచప్పుడు కాకుండా రెండు మెట్లు పైకొచ్చేవి.

ముసలితనంలో అందరికీ పాత వానలే బాగుంటాయని మా అబ్బాయి ఎగతాళి చేశాడు. వాడి నోరు మూయించడానికి కాగితం వెతికాను. 2006లో బి.ఎన్. గోస్వామి బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక లెక్క ప్రచురించింది. మధ్య భారతంలో 1951 నుంచి 2000 దాకా వానాకాలం రోజువారీ వానలన్నీ తూచి చూస్తే, భారీ వానలు పెరిగాయి, మోస్తరు వానలు తగ్గాయి. మొత్తం మాత్రం పెద్దగా మారలేదు. అది మధ్య భారతం, నైరుతి కాలం సంగతి. మా వాటా ఈశాన్య రుతుపవనాల్లో ఉంది. పరాయి వాడి రక్తపరీక్ష రిపోర్టు చూసి మనం మాత్రలు మింగకూడదని నాకూ తెలుసు. అయినా చదువుతుంటే మా ఇంట్లో మనిషి లక్షణాలే కనపడ్డాయి.

ఆ ‘మొత్తం మారలేదు’ అన్న ముక్కే మా కొంప ముంచుతోంది. నెల్లూరుకు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన సాధారణం. అందులో సగానికి మించి అక్టోబరు, డిసెంబరు మధ్యే పడాలి. పడింది. కాబట్టి సంవత్సరాంతంలో ‘సాధారణ వర్షపాతం’ అని రాసి ఫైలు మూసేస్తారు. నలభై రోజుల తిండి ఒక పూటలో కుక్కి, సగటున రోజూ తిన్నాడు కదా అన్నట్టుంటుంది. 2015 తీసుకోండి. మే నెల వడగాల్పులకు రాష్ట్రంలో వెయ్యికి మించి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది నవంబరులో మా జిల్లా నీళ్ళలో మునిగింది. ఎండనూ వాననూ కలిపి సగటు తీస్తే సమశీతోష్ణమైన సంవత్సరం. పండితులు దీన్ని వాతావరణ వైవిధ్యం అంటారు, పెళ్ళిచూపుల్లో కోపిష్టి కుర్రాణ్ణి ‘కాస్త చురుకు’ అన్నట్టు.

ఇక చీటీ ఎవరికి తగులుతుందన్నది. ఒక ఊరి మీదున్న గాలినంతా, పైనుంచి కిందిదాకా, తడిబట్ట పిండినట్టు పిండినా మా వైపు వానాకాలంలో ఐదారు సెంటీమీటర్ల నీళ్ళకు మించి రావు. కానీ వాతావరణ శాఖ పుస్తకంలో రోజుకు 204.4 మిల్లీమీటర్ల దాకా ‘అతి భారీ’, అది దాటితే ‘అత్యంత భారీ’. (ఆ దశాంశ స్థానం మీద నాకు అపారమైన గౌరవం. మంచం కింద నీళ్ళు చేరినవాడికి తనది ఏ తరగతో కచ్చితంగా తెలియాలి.) ఊరి గాలిలో ఉన్నది ఆరు సెంటీమీటర్లయితే మిగతా పధ్నాలుగు ఎక్కడివి? సముద్రం మీద పదిమంది కట్టిన డబ్బు. వాయుగుండం అటు నుంచీ ఇటు నుంచీ ఊడ్చుకొచ్చి ఒకచోట పోస్తుంది.

2021 నవంబరులో అలాగే పోసింది, మా మీద కూడా కాదు, ఎగువన కడప వైపు. 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగింది. వచ్చిన నీళ్ళు వచ్చినట్టు పెన్నాలోకి, పెన్నా సోమశిలలోకి. 78 టీఎంసీల సోమశిల అప్పటికే నిండుకుండ, గేట్లెత్తక తప్పలేదు. నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు బట్టలారేసే దండెంలా గాల్లో వేలాడాయి. హైవే తెగింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టని పెద్దలు ఊరికే అనలేదు.

నా సొంత కష్టం కూడా ఒకటి రికార్డులో ఉండాలి. పటం మీద గీతలు ఎన్నిసార్లు మారినా మేం ఇప్పటికీ పశ్చిమ ప్రకాశం అనే వైపు, మార్కాపురంలో మా అక్కను ఇచ్చాం. మూడేళ్ళ కిందట మే నెలలో పోతే బావ కూలరు పెట్టి పడుకోబెట్టాడు. బయట కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చునుంటే నేను దుప్పటి అడిగాను. ఆ ఉత్సాహంలో నెల్లూరుకు రాగానే అదే సైజు కూలరు కొన్నాను. మొదటి రాత్రే గది ఇడ్లీ పాత్ర అయింది. తలుపు చెక్క ఉబ్బి మూసుకోవడం మానేసింది. క్యాలెండర్ మెత్తబడి గోడకు అతుక్కుంది. అప్పుడు జ్ఞానోదయమైంది. కూలరు చల్లదనం నీళ్ళు ఆవిరవడంలో ఉంది. మార్కాపురం గాలి దాహంతో ఉంటుంది, ఎంత ఇచ్చినా పుచ్చుకుంటుంది. మా గాలికి సముద్రం ముందే మేపేసింది. నా చెమట కూడా తీసుకోదు. కడతానన్నా చీటీ కట్టించుకోని వ్యాపారి ఇంకెక్కడైనా ఉన్నాడా?

థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూసే అంకెను వెట్‌బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. గాలి చెమటను ఎంతవరకు పుచ్చుకుంటుందో అది చెబుతుంది. అది 35 డిగ్రీలకు చేరితే నీడలో ఫ్యాను కింద కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి బతకలేడని చాలాకాలం చెప్పుకున్నారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు వయసు కుర్రాళ్ళను తేమ గదిలో పెట్టి చూస్తే 31 దగ్గరే శరీరం అదుపు తప్పింది. టీవీలో మాత్రం ఎండ లెక్కే చెబుతారు. మార్కాపురంలో 44 అంటే అయ్యో అంటారు, నెల్లూరులో 39 అంటే ‘మీకు ఫర్వాలేదే’ అంటారు. బావ ఫోన్ చేసి, ‘ఏం బామ్మర్దీ, మీ ఊళ్ళో గాలికి కూడా చెమట పడుతుందంట కదా’ అని నవ్వుతాడు. తర్వాత వాళ్ళ బోరు ఎండిపోయిన సంగతి నేను గుర్తుచేస్తాను. బంధుత్వం ఇలా నడుస్తోంది.

ఇందులో విదేశీ హస్తం కూడా ఉంది. 1904 నుంచి ఇరవై ఏళ్ళపాటు మన వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ అసలు లెక్కల మనిషి. నైరుతిని ముందే పసిగట్టాలని లోకమంతా అంకెలు ఏరితే పసిఫిక్ మహాసముద్రం ఊగిసలాట బయటపడింది. అక్కడ, పెరూ దేశపు ఒడ్డున నీళ్ళు వేడెక్కి ఎల్ నినో వస్తే మన దేశమంతా కరువు భయం. మాకు మాత్రం ఆ ఏడు ఈశాన్యం బలపడే ఛాన్సే ఎక్కువ. 2015 అలాంటి ఏడే. 2023 కూడా అంతే. ఆ డిసెంబరులో మిచాంగ్ తుపాను మా తీరం పొడవునా గీసుకుంటూ పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. దేశం ఏడుస్తున్నప్పుడు నవ్వాలో, నవ్వేలోపు మునుగుతామో తెలియని స్థితి మాది.

మా దగ్గర సాంకేతికత లేదనడానికి వీల్లేదు. 2016లో ఇన్సాట్-3డీఆర్, 2024లో ఇన్సాట్-3డీఎస్, రెండు వాతావరణ ఉపగ్రహాలూ శ్రీహరికోట నుంచే లేచాయి. 36 వేల కిలోమీటర్ల పైనుంచి గాలిలో ఏ ఎత్తున ఎంత తేమ ఉందో చూసే పరికరాలు వాటిలో ఉన్నాయి. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీహరికోట తిరుపతి జిల్లాకు పోయింది, మాకు మిద్దె మీద నుంచి పొగ చూసే హక్కు మిగిలింది.

మొన్న సాయంత్రం ట్రంకురోడ్డు పక్కన బజ్జీల బండి దగ్గర నిలబడ్డాను. అతనికి ఉపగ్రహం లేదు. బండి కమ్మీకి ఒక తువ్వాలు, ఉప్పు డబ్బా ఒకటి. మధ్యాహ్నం ఉతికిన తువ్వాలు నాలుగింటికి కూడా ఆరలేదంటే ఒక లెక్క. డబ్బాలో ఉప్పు వేలికి అంటుకుంటే ఇంకో లెక్క. తేమ 75 శాతం దాటితే ఉప్పు నీళ్ళు పీల్చి కరగడం మొదలుపెడుతుందని అతను ఎక్కడా చదవలేదు. నేను ఫోన్ చూపించి, వానకు 60 శాతం అవకాశం ఉందన్నాను.

‘‘వానొస్తే నాకేం లాభమన్నా?’’ అన్నాడు. ‘‘ఎండ కాస్తే మజ్జిగ బండి కాడికి పోతారు. కుండపోత పడితే ఇంట్లోంచి కదలరు. నాకు కావాల్సింది ముసురు. ఆ సరుకు ఈ మధ్య రావట్లేదు.’’

తువ్వాలు ఒకసారి పిండినట్టు పట్టి చూశాడు. ఉప్పు చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. శనగపిండి ప్యాకెట్ సగం గిన్నెలో వంచి, మిగతా సగానికి రబ్బరు బ్యాండు వేసి బండి కింద పెట్టాడు.

‘‘మరి ఆ సగం?’’ అన్నాను.

‘‘అది నీ మిగతా 40 శాతానికి, అన్నా,’’ అని పిండిలో నీళ్ళు పోసుకున్నాడు.