సవరణ: కాక్టస్ కుండీలో మట్టి

కాక్టస్‌ను కొత్త కుండీలోకి మార్చేటప్పుడు సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), సగం ఇసుక కలిపితే చాలని, అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు త్వరగా దిగిపోతుందని ఇంతకుముందు రాశాను. రెండూ తప్పే. నా మాట నమ్మి మట్టి కలిపినవారు మన్నించాలి.

ముందు గులకరాళ్ల సంగతి. సన్నని రేణువుల మట్టిలోంచి పెద్ద ఖాళీలున్న రాళ్ల పొరలోకి నీరు సులువుగా దిగదు. పై మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా అక్కడే నిలుస్తుంది. అంటే తడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద చిన్న వల ముక్క వేస్తే సరిపోతుంది.

కోకోపీట్ నీటిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. వానాకాలంలో వేళ్లు కుళ్లడానికి అదే చాలు (నా గుండ్రటి కాక్టస్ అలాగే పోయింది, కుండీ అందంగానే ఉంది). ఇసుక అన్నాను గాని ఏ ఇసుకో చెప్పలేదు. గోడల పూతకు వాడే సన్న ఇసుక ఖాళీలను పూడ్చి గట్టిపడుతుంది. జల్లెడ పట్టగా పైన మిగిలే ముతక ఇసుక కావాలి. ఇప్పుడు నేను ఒక వంతు ఎర్రమట్టి, కంపోస్టు మిశ్రమానికి రెండు వంతులు ముతక ఇసుక, ప్యూమిస్ (అగ్నిపర్వతాల నుంచి వచ్చే తేలికైన, రంధ్రాలున్న రాయి) లేదా 3–6 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు కలుపుతున్నాను. కుండీ మార్చాక వారం దాకా నీళ్లు పోయను.

క్రిస్మస్ కాక్టస్‌కు ఇది వర్తించదు. బ్రెజిల్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే ఆ మొక్కకు కోకోపీట్ వంతు ఎక్కువున్నా ఇబ్బంది లేదు.