మండువాకు మూత, వానకు మోటారు

మన పెద్దలు కట్టిన మండువా లోగిళ్లలో ఒక ఘోరమైన నిర్మాణ లోపం ఉందని ఇంటీరియర్ డిజైనర్లు ఈ మధ్యనే కనిపెట్టారు. ఇంటి నడుమ కప్పు లేదు. నాలుగు వైపులా వసారాలు, వాటి వెనక గదులు, పైన పెంకులు, దూలాల చివర నగిషీలు అన్నీ సక్రమంగా అమర్చుకుంటూ వచ్చిన ఆనాటి వడ్రంగులు, తీరా మధ్యకు వచ్చేసరికి యజమాని దగ్గర డబ్బు అయిపోయిందో, తమకే ఓపిక అయిపోయిందో, అంత జాగానూ ఆకాశానికి వదిలేసి వెళ్లిపోయారు. తరతరాలుగా అందులోంచి ఎండా, వానా, వెన్నెలా లోపలికి పడుతూనే ఉన్నా, ఆ ఇళ్లలో పుట్టి పెరిగినవారిలో ఒక్కరికీ అది లోపమని తోచలేదు. చివరికి హైదరాబాదు నగర శివారులో అలాంటి పాత ఇంటినొకదాన్ని ‘వారసత్వ భోజనశాల’గా మార్చే పని పుచ్చుకున్న నిపుణులకు తోచింది. వారు దానికి దళసరి గాజు మూత బిగించి, నాలుగు మూలలా ఏసీలు పెట్టి, వారసత్వాన్ని వాతావరణం బారి నుంచి కాపాడారు.

మండువా ఏం పని చేస్తుందో తెలిసినవారెవరూ దానికి మూత పెట్టరు. పగలు ఇంట్లో వేడెక్కిన గాలి ఆ తెరపి గుండా పైకి పోతుంటే, దాని స్థానంలోకి వీధి గుమ్మం నుంచీ పెరటి గుమ్మం నుంచీ కొత్త గాలి వస్తుంది. కిటికీలు పెద్దగా లేని లోపలి గదులకు వెలుతురు అక్కడి నుంచే అందుతుంది. లోపలికి వాలిన నాలుగు చూరుల నీళ్లూ నడిమి పల్లంలోకి దిగి, దారిలో పెట్టిన గంగాళాలను నింపి, మిగిలినవి తూము గుండా పెరటి చెట్లకు పోతాయి. మూత బిగించాక వేడిగాలికి దారి లేదు కాబట్టి ఏసీలు కావలసి వచ్చాయి. గాజు కింద కూర్చున్నవారు మధ్యాహ్నం ఉడికిపోతున్నారు కాబట్టి పైన తెరలు కావలసి వచ్చాయి. తెరలు వేస్తే చీకటి కాబట్టి ఇత్తడి లాంతర్లు తెచ్చి, వాటిలో ఒత్తులు తీసేసి ఎల్‌ఈడీ బల్బులు పెట్టవలసి వచ్చింది. ఒక మూత వల్ల ఇంతమందికి ఉపాధి దొరకడం కాదనలేని విషయం.

అయినా యజమానిగారికి ఏదో వెలితి కనిపించిందట. మండువా అంటే వాన పడాలి కదా, అని ఎవరో గుర్తు చేశారు. దాంతో అదే గాజు కింద, నాలుగు చూరుల వెంబడి, సన్నటి రంధ్రాలున్న స్టీలు గొట్టాలు బిగించి, పెరట్లో మోటారు పెట్టి, వానను కూడా పునరుద్ధరించారు. ఇది భోజన సమయంలో గంటకొకసారి పడుతుంది. పడేముందు పంచె కట్టిన సూపర్‌వైజరు మైకులో, ఇప్పుడు మన అమ్మమ్మగారి ఇంట్లో వాన పడబోతున్నదని ప్రకటిస్తాడు. ముందు లాంతర్లు మసకబారతాయి, తర్వాత స్పీకర్లలో ఉరుము ఉరుముతుంది, ఆపైన కప్పల బెకబెకలు, వెనకే ఒక కుర్రవాడు చిన్న సీసా పట్టుకుని తిరుగుతూ తడిసిన మట్టి వాసన పిచికారీ చేస్తాడు. అది కొందరి పప్పుచారులో కూడా పడుతుంది గాని, అమ్మమ్మగారి ఇంటికి వచ్చినవారు అలాంటి చిన్న విషయాలు పట్టించుకోరు. అందరూ చేతిలోని ముద్ద ఆకులో వదిలేసి ఫోన్లు పైకెత్తుతారు.

ఆ మహత్తర ఘట్టాన్ని నేను చూసింది శ్రావణమాసంలో. బయట నిజం వాన దంచి కొడుతోంది. ఆ చప్పుడు గాజు మీద ఎంత గట్టిగా ఉందంటే స్పీకరులోని ఉరుము వినపడలేదు. అందుకని ఉరుము శబ్దం పెంచారు. ఆకాశం దానికి జవాబుగా అసలు ఉరుము వేసింది. ఆ తాకిడికి కరెంటు పోయి, మోటారు ఆగి, లోపలి వాన నిలిచిపోయింది. పైన ధారలు కట్టి కారుతున్న గాజు కింద కూర్చున్న జనమంతా, వాన ఆగిపోయిందేమిటని సూపర్‌వైజరును నిలదీశారు. అతడు చేతులు జోడించి, జనరేటరు వేయిస్తున్నామండీ, రెండు నిమిషాల్లో వాన వచ్చేస్తుందని బతిమాలుకున్నాడు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ చాలాసేపు పైకీ కిందికీ చూసి, “బాబూ, పైన అంత వాన పడుతోంది గదా, ఆ మూతేదో కాస్త జరిపితే సరిపోదూ?” అని అడిగింది. “కుదరదు మామ్మగారూ, ఆ నీళ్లు ఫిల్టరు చేసినవి కావండి” అన్నాడతడు, ఎంతో వినయంగా. ఆవిడ మనవడు అప్పటికే బిల్లుల కాగితంతో పడవ చేసి పల్లంలో వదలబోతుంటే, అది మోటారులో ఇరుక్కుంటుందని లాక్కున్నారు. వాన నీళ్లలో కాగితం పడవ నిషిద్ధమైన మండువా భూప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

చేతులు కడుక్కునే చోట రోలు ఉంది. నల్లరాతి రోలు, ఏ ఇంటిదో, ఎన్ని తరాల పచ్చడి నూరిందో, దాని అడుగున డ్రిల్లుతో బెజ్జం వేసి గొట్టం తగిలించి వాష్‌బేసిన్ చేశారు. రోట్లో తల దూర్చినవాడు రోకటిపోటుకు వెరవకూడదన్నారు పెద్దలు. ఇప్పుడు రోట్లో చేయి దూరిస్తే సెన్సరు కుళాయి నీళ్లు విడుస్తుంది. ఇంట్లో పిల్లలు రోలు మీద కూర్చుంటే తిట్టిన అవ్వలు, అందులో పరాయివాళ్లు పుక్కిలించి ఉమ్మడం చూసి ఏమనేవారో ఊహించడం కష్టం కాదు. ఇంటి గడపను నిలువునా కోసి, పసుపు మరకలతో సహా, నగదు కట్టే బల్లకు పైపలకగా వేశారు. బావి నోటికి గాజు బిగించి, లోపల నీలిరంగు దీపాలు పెట్టి, దాని మీద నిలబడి ఫొటో దిగమని బోర్డు రాశారు. నీళ్లు మాత్రం ట్యాంకరులో వస్తాయి.

ఈ సామాను ఎక్కడి నుంచి వస్తుందో అడగకపోవడం మర్యాద. గోదావరి జిల్లాల్లో, కృష్ణా తీరంలో, పిల్లలు నగరాలకో అమెరికాకో వెళ్లిపోగా పాత పెంకుటిళ్లు నేయించేవారు లేక కురవడం మొదలుపెడతాయి. అన్నదమ్ముల వాటాలు తెగక ఇల్లు మరింత వంగుతుంది. అప్పుడు పాత కలప బేరగాళ్లు వచ్చి, స్తంభానికింత, ద్వారబంధానికింత అని లెక్క కట్టి ఇంటిని లారీ ఎక్కిస్తారు. తమిళనాడులోని కారైక్కుడి పాత సామాను దుకాణాలకు చెట్టినాడు మేడలు చేరుకున్నది ఇదే దారిన. ఒక ఇల్లు విప్పితే పది భోజనశాలలకూ ఇరవై విల్లాలకూ వారసత్వం వస్తుంది. దాన్ని వారసత్వ పరిరక్షణ అనే పిలుస్తారు. ఆ లెక్కన ఇంటికి కన్నం వేసినవాడు కూడా నగలను పరిరక్షిస్తున్నట్టే.

గోడల సంగతి మరీ సరదాగా ఉంటుంది. ఆ గోడలు సున్నపువి. ఇసుకా సున్నమూ కలిపి గానుగలో ఎద్దులచేత రుబ్బించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి, రోజుల తరబడి మగ్గనిచ్చి, పొరమీద పొర పూసి, చివరి పొరను గుండ్రాతితో అద్దంలా మెరిసేదాకా రుద్దిన గోడలు. సున్నం గోడ నేల నుంచి ఎక్కిన చెమ్మను మెల్లగా బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే చెమ్మకు దారి మూసుకుపోయి, లోపలి లవణాలు గడ్డకట్టి, పూతను పొక్కులుగా తోసి పెచ్చులుగా రాలుస్తాయి. ఈ విషయం తెలుసుకోవడానికి విదేశీ పట్టా అక్కరలేదు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్లో 2013 నుంచి సాగిన పునరుద్ధరణలో, అంతకుముందు మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును ఓపికగా గీకి తీసేసి మళ్లీ సున్నమే పూశారు. మన భోజనశాల నిపుణులు మాత్రం సున్నాన్ని గీకి సిమెంటు పూసి, దానిపైన ‘సున్నం గోడలా కనిపించే’ ఖరీదైన ప్లాస్టిక్ రంగు వేశారు. వేసిన రంగు మీద అక్కడక్కడ గరుకు కాగితంతో రుద్ది, కావాలని పాతబరిచారు. ఆ పనికి ఇద్దరు కళాకారులు ముంబయి నుంచి వచ్చారని బోర్డు మీద ఉంది. అసలు సున్నం పని తెలిసిన మేస్త్రీ ఒకాయన మాత్రం అదే ఆవరణలో వెనక ప్రహరీకి సిమెంటు ఇటుకలు పేరుస్తున్నాడు, దినకూలీకి. కరపత్రం మీద ముడతలు పడిన చేతుల ఫొటో ఉంది చూశారూ, అవి ఆయనవే. పేరు వేయలేదు.

పాత కట్టడాన్ని కొత్త అవసరానికి వాడుకోవడం తప్పని ఎవరూ అనడం లేదు. కాచిగూడ రైల్వే స్టేషను 1916 నాటిది, నేటికీ దానిలోకి రైళ్లు వచ్చి పోతూనే ఉన్నాయి. కోఠీలో ఆనాటి బ్రిటిష్ ప్రతినిధి కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీలో ఎన్ని తరాల ఆడపిల్లలు పాఠాలు విన్నారో లెక్కలేదు. తెల్లదొర దర్బారు చేసిన హాలును పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు నోట్సు రాసుకునే చోటుగా మార్చినంత గొప్ప పునర్వినియోగం ఏ డిజైనరు పుస్తకంలోనూ ఉండదు, ఎందుకంటే దానికి ఎవరూ రుసుము పుచ్చుకోలేదు. మొజంజాహీ మార్కెట్టు 1935 నుంచీ మార్కెట్టుగానే ఉంది. 2010లో హోటలుగా తెరుచుకున్న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో పని శ్రద్ధగా జరిగిందని ఒప్పుకోవాలి. నూటొక్కమంది కూర్చునే ఆ భోజనపు బల్ల దగ్గర నూటరెండోవాడిగా నిలబడే స్తోమత కూడా మనలో చాలామందికి లేదన్నది వేరే విషయం.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు.

వానను మోటారుతో పునరుద్ధరించే ఈ నగరంలోనే ఉస్మానియా ఆసుపత్రి ఉంది. 1908 మూసీ వరద పాత ఆసుపత్రిని కూల్చాక, విన్సెంట్ ఎష్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి నమూనాతో, ఏడో నిజాం కాలంలో, 1925 నాటికి పూర్తయిన కట్టడం అది. ఎత్తైన కప్పులు, గాలి ఆడే వరండాలు, గుమ్మటాలు, రోగికి ఊపిరాడాలని ఆలోచించి కట్టిన గదులు. దానికి కావలసింది కప్పు మీద మొక్కలు పీకడం, తూములు శుభ్రం చేయడం, సున్నం పని తెలిసినవాళ్లను ఏటా పిలవడం. ఏళ్ల తరబడి ఆ చిన్న పనులు సరిగా చేయించలేదు. 2020 జూలైలో వాన నీళ్లు, డ్రైనేజీ నీళ్లతో కలిసి, వార్డుల్లోకి వచ్చాయి. మంచాల మీద రోగులు, మంచాల కింద నీళ్లు. ఆ తర్వాత భవనం ప్రమాదకరమని చెప్పి రోగులను తరలించి, పాత భవనానికి తాళం వేశారు. ఆ వానను చూడటానికి ఎవరూ డబ్బు కట్టలేదు. మైకులో ఎవరూ ప్రకటించలేదు. పేదవాడి నెత్తిన కురిస్తే శిథిలం, ఉన్నవాడి ఆకు ముందు కురిస్తే వారసత్వమా? గుమ్మటం నమూనాను ఫైబరుతో చేసి హోటలు ముంగిట అతికించడానికి దొరికే డబ్బు, అసలు గుమ్మటం మీద మొలిచిన రావి మొక్కను పీకడానికి ఎందుకు దొరకదు? సిగ్గుండాలి మనకు.

ఇదొక్కటే కాదు. నగరంలోని వారసత్వ కట్టడాలకు కాస్తో కూస్తో రక్షణగా ఉన్న, పట్టణాభివృద్ధి నియమాల్లోని 13వ నిబంధనను 2015లో తీసేశారు. ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను పడగొట్టి శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేయవలసి వచ్చింది. సైఫాబాద్ ప్యాలెస్‌కు ఆ అదృష్టం పట్టలేదు. ఉడుము అడ్డొచ్చిందని ఆరో నిజాం అందులో కాపురం ఉండలేదని కథగా చెప్పుకుంటారు. సచివాలయపు జి బ్లాకుగా దశాబ్దాలు ఫైళ్లు మోసిన ఆ 1888 నాటి కట్టడాన్ని 2020లో, అదే జూలైలో, మిగిలిన బ్లాకులతో పాటు నేలమట్టం చేశారు. దాన్ని పడగొట్టిన వారంలో పత్రికల్లో పాతకాలపు ఇంటి అందాల మీద ఆదివారం ప్రత్యేక వ్యాసాలు ఆగాయేమోనని భయపడ్డాను. ఆగలేదు.

మీరు మరీ చాదస్తంగా మాట్లాడుతున్నారు, ఆ భోజనశాల పెట్టకపోతే ఆ ఇల్లు కూడా ఈపాటికి కలప అడితిలో ఉండేది కదా, అని కొందరు మిత్రులు అంటారు. నిజమే. వ్యాపారం చేసుకోమనే నేనూ అంటున్నాను. ఆకుకు వెయ్యి రూపాయలు పుచ్చుకున్నా అభ్యంతరం లేదు. పల్లం చుట్టూ వసారాల్లో బల్లలు వేసుకోండి, మూత తీసేయండి, జల్లు కొడితే కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకునే సాంకేతిక పరిజ్ఞానం మనవాళ్ల దగ్గర ఎప్పటి నుంచో ఉంది. వెనక ప్రహరీ దగ్గర పనిచేస్తున్న ఆ మేస్త్రీని పిలిచి గోడల మీది సిమెంటు గీకించండి, ముంబయి కళాకారులకిచ్చినంత ఇవ్వండి, బోర్డు మీద ఆయన పేరు వేయండి. వచ్చే ఏడాదికల్లా ఎవరో డిజైనరు దీనికే ‘అసలు వాన’ అని పేరు పెట్టి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేరే ధర నిర్ణయించి, ఇదంతా తన ఊహేనని చెప్పుకుంటాడని నాకు తెలుసు. చెప్పుకోనివ్వండి. గాజు విప్పేముందు మాత్రం పెరటి వైపు తూము ఒకసారి చూసుకోండి. మోటారుకు దిమ్మె కట్టినప్పుడు అందులో కాంక్రీటు పోశారు.