పెన్సిల్‌కే ఓటు: అమెరికా ప్రైవేటు స్కూలు పరీక్ష ఇంట్లో ఎందుకు రాయించకూడదు?

సెప్టెంబర్ వచ్చిందంటే న్యూజెర్సీ నుంచి బే ఏరియా దాకా మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రైవేటు స్కూళ్ల పేర్లు తిరగడం మొదలవుతుంది. ఏ పుస్తకం కొనాలి, ఎవరి దగ్గర కోచింగ్ పెట్టించాలి, వర్డ్ లిస్టు ఎక్కడ దొరుకుతుంది అని రోజుల తరబడి చర్చ నడుస్తుంది. ఆ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎక్కడ, ఎలా రాయించాలన్నది మాత్రం క్రెడిట్ కార్డు నంబరు కొట్టే ముందు అర నిమిషంలో తేలిపోతుంది. ‘ఇంటి నుంచే రాయవచ్చు’ అని కనపడగానే వేలు అటే పోతుంది. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లల విషయంలో ఇది తొందరపాటు. కాగితం మీద రాసే వీలు దొరికితే కాగితమే ఎంచుకోవాలి. అది దొరక్కపోతే కంప్యూటర్ మీద పరీక్షలు రాయించే ప్రోమెట్రిక్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. ఇల్లు ఆఖరి దారి.

అసలు సంగతులు చాలామందికి తెలిసినవే. ప్రైవేటు స్కూళ్లు ఎక్కువగా అడిగేవి రెండు పరీక్షలు, ఎస్‌ఎస్‌ఏటీ, ఐఎస్‌ఈఈ. రెండింటికీ ఇంటి దారి తెరుచుకున్నది 2020లో, కోవిడ్ పుణ్యాన. అప్పుడది గతిలేక వచ్చిన ఏర్పాటు. స్కూళ్లు తెరిచాక కూడా అది నిలిచిపోయింది, సౌకర్యంగా ఉందని అలవాటైపోయింది. ఆ సౌకర్యం ఎవరికి అన్నదే ప్రశ్న. శనివారం పొద్దున్నే లేచి కారు తీయక్కర్లేదన్న సుఖం నాన్నది. పరీక్ష రాసేది ఆయన కాదు కదా.

ఎస్‌ఎస్‌ఏటీలో పెద్ద పిల్లలు రాసే మిడిల్, అప్పర్ లెవెల్స్‌లో లెక్కలు రెండు విభాగాలు, ఒక్కోదానిలో 30 నిమిషాలకు 25 ప్రశ్నలు. ప్రశ్నకు 72 సెకన్లు. కాలిక్యులేటర్ ఉండదు. ఒక చతురస్రం, దాని లోపల నాలుగు భుజాలనూ తాకే వృత్తం, మూలల్లో షేడ్ చేసిన భాగం వైశాల్యం ఎంత అన్న ప్రశ్న తీసుకోండి. చేతిలో ప్రశ్నపత్రం ఉన్న పిల్ల ఏం చేస్తుంది? వృత్తం కేంద్రం నుంచి అంచు దాకా ఒక గీత లాగుతుంది, దాని పక్కన 7 అని రాస్తుంది, చతురస్రం భుజం 14 అని అక్కడే వేస్తుంది. బొమ్మే లెక్క చెప్పేస్తుంది. అదే ప్రశ్న తెర మీద వస్తే ముందు ఆ బొమ్మను చిత్తుకాగితం మీదికి దించుకోవాలి. తల పైకెత్తి చూడాలి, దించి గీయాలి, మళ్లీ ఎత్తి కొలత సరిచూసుకోవాలి. దించేటప్పుడు వ్యాసం కాస్తా వ్యాసార్ధం అయిపోతే అక్కడికి ఆ ప్రశ్న పోయినట్టే. ఆప్షన్లు తయారుచేసేవాళ్లకు ఈ పొరపాటు ముందే తెలుసు, ఆ తప్పు జవాబును కూడా పేర్చి పెడతారు. ఒక్కో బొమ్మకు పదిహేను సెకన్లు పోయినా, ఎనిమిది బొమ్మలుంటే రెండు నిమిషాలు ఖర్చు. లెక్క రాని పిల్ల కాదు, ఎత్తిరాతలో ఓడిపోయిన పిల్ల.

రీడింగ్‌లోనూ అంతే. 40 నిమిషాలకు 40 ప్రశ్నలు, మధ్యలో పాసేజీలు చదువుకోవాలి. కాగితం మీద ‘అయితే’, ‘కానీ’ అన్న అర్థమిచ్చే చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్న పిల్లకు, ప్రశ్న చూడగానే కన్ను ఆ వరుసకే పోతుంది. తెర మీద ఎన్ని టూల్స్ ఇచ్చినా, పేజీలో ఆ మాట ఏ మూలన ఉందో గుర్తుండే ఆ చిన్న సాయం తగ్గిపోతుంది.

ఇక కాగితంతో ఉన్న అసలు చిక్కు బబ్లింగ్, అంటే జవాబు షీటులో గుండ్రటి గడులు నింపడం. ఇది మన తరానికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎస్‌ఎస్‌ఏటీలో ఈ చిక్కు మరికాస్త ఎక్కువ, ఎందుకంటే అందులో నెగెటివ్ మార్కులున్నాయి. సరైన జవాబుకు ఒకటి, తప్పుకు పావు కోత, వదిలేస్తే సున్నా. ఐదు ఆప్షన్లు కాబట్టి ఐదు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది, నాలుగు తప్పులకు ఒక మార్కు పోతుంది, లెక్క సున్నా దగ్గరికే వస్తుంది. ఒక్క ఆప్షన్‌నైనా తప్పని కచ్చితంగా కొట్టేయగలిగితేనే ఊహించడం లాభం. జేఈఈ మెయిన్‌లోనూ కోత పావు వంతే. కానీ అక్కడ ఆప్షన్లు నాలుగే కాబట్టి గుడ్డి దెబ్బకూ కాస్త గిట్టుబాటు ఉంటుంది. జేఈఈ రాసొచ్చిన నాన్నలు ఆ అలవాటును పిల్లలకు అంటగట్టకూడదు. ఐఎస్‌ఈఈలో కోతే లేదు, అందుకని అక్కడ ఒక్కటి కూడా ఖాళీ వదలకూడదు.

ఎస్‌ఎస్‌ఏటీలో వదిలేయడం కూడా ఒక ఎత్తుగడే కాబట్టి బబుల్స్ జరిగిపోయే ప్రమాదం ఉంటుంది. 17వ ప్రశ్న వదిలేసిన పిల్లవాడు 18వ జవాబును 17 దగ్గర నింపుతాడు. 25 దాకా వెళ్లాక ఒక గడి మిగిలిపోయిందని చూసుకుంటాడు. ఎనిమిది బబుల్స్ చెరపాలి, చెరిపిన మరక మిగలకూడదు, గడియారం ఆగదు. దీనికి మందు తేలికే. జవాబు ముందు ప్రశ్నపత్రంలోనే సున్న చుట్టాలి. పేజీ అయ్యాక ఆ పేజీ జవాబులన్నీ ఒక్కసారి షీటులోకి ఎక్కించాలి. వదిలేసిన నంబరుకు పత్రంలో పెద్ద గుర్తు పెట్టాలి. చివరి ఐదు నిమిషాల్లో మాత్రం పేజీ లెక్క మానేసి ఒక్కో జవాబు వెంటవెంటనే ఎక్కించాలి, ఎందుకంటే పత్రంలో చుట్టిన సున్నలకు ఎవరూ మార్కులేయరు. నాలుగు ప్రాక్టీసు పరీక్షలు అసలు షీటు ప్రింటు తీసి రాయిస్తే ఇది చేతికి వచ్చేస్తుంది. ఇంట్లో ఇంటర్నెట్ పోవడానికి మాత్రం ఏ ప్రాక్టీసూ లేదు.

ఇంటి పరీక్షలో ఏం తప్పుతుందో చూద్దాం. మనవాళ్ల ఇళ్లలో ఉన్న మంచి ల్యాప్‌టాప్ ఆఫీసుది. దానికి వీపీఎన్, ఫైర్‌వాల్, అడ్మిన్ తాళాలు. పరీక్ష సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కాదు, లేదా ఇన్‌స్టాల్ అయ్యాక సగంలో నిలబడుతుంది. సొంత కంప్యూటర్ అయినా సిస్టమ్ చెక్ వారం ముందు ఒక గదిలో చేసి, పరీక్ష ఇంకో గదిలో పెడితే లాభం లేదు. అదే యంత్రం, అదే బల్ల, అదే సమయానికి, వీలైతే వైఫై కాకుండా కేబుల్‌తో చూసుకోవాలి. కెమెరాతో గదంతా తిప్పి చూపించాలి. చిత్తుకాగితాలు ఖాళీగా ఉన్నాయని రుజువు చేయాలి. ఆ తర్వాత గదిలోకి ఎవరూ రాకూడదు. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఆవిడ పాలగ్లాసుతో తలుపు తీస్తుంది. చదివేటప్పుడు పెదవులు కదిపే అలవాటున్న పిల్లకు, ఆలోచిస్తూ కిటికీ వైపు చూసే పిల్లవాడికి, ఎవరో కనపడకుండా తనను గమనిస్తున్నారన్న బెదురు అదనం. ఐఎస్‌ఈఈ అయితే సీజన్‌కు ఒక్కసారే రాయనిస్తారు. ఆగస్టు నుంచి నవంబర్ ఒకటి, డిసెంబర్ నుంచి మార్చి ఇంకొకటి. నవంబర్ ఆఖరి వారంలో ఇంట్లో తంటా వచ్చిందంటే, చాలా స్కూళ్లకు జనవరిలోనే గడువు కాబట్టి మిగిలేది చివరి అవకాశమే.

ఇంటి పక్షాన చెప్పేవాళ్ల మాటలో బలం లేదని కాదు. దగ్గర్లో సెంటర్ లేని ఊళ్లున్నాయి. కొత్త హాలు చూస్తే బిగుసుకుపోయే పిల్లలున్నారు. స్కూల్లో రోజంతా తెర మీదే పనిచేసే పిల్లకు బబుల్స్ నింపే ఓఎంఆర్ షీటే వింత వస్తువు. కంప్యూటర్‌లో రాస్తే ఫలితం త్వరగా వస్తుందన్నదీ నిజమే, కాగితానికి ఇంకొన్నాళ్లు ఆగాలి. అయితే తెరే అలవాటైన పిల్లలకు, త్వరగా ఫలితం కావాలన్నవాళ్లకు ప్రోమెట్రిక్ ఉంది. జీఆర్‌ఈ రాసిన అమ్మానాన్నలకు ఆ గదులు తెలియనివి కావు. లాకరు, తనిఖీ, పక్క సీట్లో ఎవరో పెద్దాయన తన లైసెన్సు పరీక్ష టకటకా కొట్టుకుంటూ ఉండటం. పిల్లకు ఇది ముందే చెప్పి ఉంచితే చాలు. యంత్రం పాడైతే చూసుకోవడానికి అక్కడ మనిషి ఉంటాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది పరీక్షలో రాయించే వ్యాసం (ఎస్సే). ఎస్‌ఎస్‌ఏటీలో 25 నిమిషాలు, ఐఎస్‌ఈఈలో 30. దీనికి మార్కులు వేయరు, కానీ పిల్ల రాసింది రాసినట్టు స్కూలుకు వెళ్తుంది. అడ్మిషన్ కమిటీ ముందుకు పిల్ల సొంత గొంతు, ఎవరూ దిద్దకుండా చేరేది ఇక్కడే. కాగితం ఎంచుకుంటే చేతిరాత, కంప్యూటర్ ఎంచుకుంటే టైపింగ్. అంటే పరీక్ష ఎలా రాయాలన్న నిర్ణయంలో సగం ఇక్కడే ఉంది. అయినా మన ఇళ్లలో దీని ఊసే ఉండదు. ‘స్కోరు లేదుగా’ అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

ఈ మాట అమెరికాలో పుట్టింది కాదు. ఇంటర్‌లో మాతృభాష తెలుగే అయినా, మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకుని, ఆ సంస్కృతాన్నీ నేర్చుకోకుండానే బయటపడ్డ తరం మనది. ఎంసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కులు 25 శాతం వెయిటేజీ ఇచ్చిన రోజుల్లోనూ లెక్కలోకి వచ్చినవి గ్రూపు సబ్జెక్టులే, భాషలు కావు. లెక్కలోకి రానిదాన్ని కాలేజీలు టైం టేబుల్లోంచే నెట్టేశాయి. ఒక పేజీ సొంతంగా రాయడం అన్న విద్యను రెండు రాష్ట్రాల్లోనూ ర్యాంకు మింగేసింది. ఆ అలవాటును సూట్‌కేసులో సర్దుకుని తెచ్చి, డల్లాస్‌లో పుట్టిన పిల్ల నెత్తిన పెడుతున్నాం. తల్లిదండ్రులు పర్సెంటైల్ చూసి కంగారుపడతారు. అది దేశంలోని పిల్లలందరితో కాదు, ఇవే స్కూళ్లకు పోటీపడే పిల్లలతో పోల్చి ఇచ్చిన అంకె అని మాత్రం గమనించరు. ఆ అంకె కింద నలిగిపోయిన వ్యాసాన్ని ఒక్కసారి కూడా తెరిచి చూడరు.

కాబట్టి రిజిస్ట్రేషన్ చేసేముందు రెండు శనివారాలు దీనికి కేటాయించండి. మొదటి వారం పెన్సిల్, గీతల కాగితం, 25 నిమిషాలు. మిడిల్ లెవెల్‌లో కథ మొదటి వాక్యం ఇచ్చి కొనసాగించమంటారు, అలాంటిదే ఒకటి ఇవ్వండి. మరుసటి వారం ఇంకో వాక్యం ఇచ్చి కంప్యూటర్ మీద, స్పెల్‌చెక్ ఆపేసి, అంతే సమయం. రెండూ పక్కపక్కన పెట్టి ముగింపు దాకా వచ్చింది ఏదో చూడండి. చేతిరాత పేజీలో కథ పూర్తయి, టైపు చేసింది మధ్యలో తెగిపోతే నిర్ణయం అయిపోయినట్టే. టైపు చేసిందే బాగుంటే ప్రోమెట్రిక్‌లో సీటు చూడండి. కాగితం పరీక్షల తేదీలు కొన్నే, ఎక్కువగా శనివారాలే. దగ్గరి స్కూళ్లలో సీట్లు ముందే నిండిపోతాయి. అదనపు సమయం కావాల్సిన పిల్లలకైతే ఆ అనుమతి వచ్చాకే రిజిస్ట్రేషన్, అందుకని ఇంకా ముందే కదలాలి.