పీసీడీ సేమ్ అంట! మరి నా క్యాలిపర్ ఎందుకు గీరుకుంటోంది?

పీసీడీ అంటే చక్రం బోల్టులు కూర్చునే వలయం వ్యాసం. అది సేమ్ అని చెప్పి, హోండా సిటీవంటూ నా స్విఫ్ట్‌కి అలాయ్ చక్రాలు అంటగట్టాడు ఒకడు. ఇప్పుడు బ్రేక్ ప్యాడ్లు మార్పించుకుని షెడ్డులోంచి బయటికి వచ్చానో లేదో, ముందు ఎడమ చక్రం దగ్గర కర్ర్ కర్ర్ అని మొదలైంది. "కొత్త ప్యాడ్లు కదా సార్, కాస్త తిరిగితే సెట్ అయిపోతుంది" అన్నాడు మెకానిక్. సరే అనుకున్నా. బెంజ్ సర్కిల్ దగ్గర పక్కన ఆగిన ఆటో ఆయన తల బయటపెట్టి "సార్, ఆ చక్రం సంగతి చూస్కోండి, ఊడేలా ఉంది" అన్నాడు. పక్కకి తీసి, వీల్ విప్పి చూస్తే ఊచల వెనకవైపు గుండ్రంగా గీత. పెయింట్ లేచిపోయింది, క్యాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే బ్రేకు భాగం) మీద వెండి రంగు పొడి.

ఈ అలాయ్స్ అమ్మినవాడికి ఫోన్ చేశా. వాడు ఇచ్చిన సలహా యథాతథంగా రాస్తున్నా, కూర్చుని చదవండి: "ఏం లేదు సార్, ఆ కొత్త ప్యాడ్లని గ్రైండర్ మీద కొంచెం అరగదీయించండి, సరిపోతుంది."

బ్రేక్ ప్యాడ్లు. అరగదీయాలి. చక్రం తిరగడం కోసం. రేపు తలుపు పట్టకపోతే భుజం కొంచెం చెక్కించుకోండి అంటాడేమో.

తమాషా ఏంటంటే, ఆ వెధవ సలహా పనిచేస్తుంది! ఎందుకో చెప్తా. మన కార్లలో ఎక్కువగా ఉండేది జారే రకం క్యాలిపర్. ప్యాడ్‌ని తోసే పిస్టన్ లోపలివైపే ఉంటుంది. బయటి ప్యాడ్ అరిగేకొద్దీ క్యాలిపర్ మొత్తం ఇంజిన్ వైపుకి జరుగుతూ పోతుంది. అంటే చక్రం ఊచలకి దూరంగా. పూర్తిగా అరిగిన ప్యాడ్లకీ కొత్తవాటికీ ఆరేడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ఈ మహానుభావుడు అలాయ్స్ బిగించిన రోజు నా ప్యాడ్లు బాగా అరిగి ఉన్నాయి. చేత్తో చక్రం తిప్పి "చూడండి సార్, వెన్నలా తిరుగుతోంది" అన్నాడు. తిరగదా మరి? కొత్త ప్యాడ్లు వేస్తే ఏమవుతుందో చూసుకోవాల్సిన పని ఎవడిది? నాదా? డబ్బు తీసుకున్నవాడిదా?

అడిగితే ఒకటే మంత్రం. "పీసీడీ సేమ్ సార్, డైరెక్ట్ ఫిట్." స్విఫ్ట్‌కీ 4x100, సిటీకీ 4x100, ఐ20కీ 4x100. ఐతే? నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల వలయం మీద ఉన్నాయంటే బోల్టులు దూరతాయని అర్థం, అంతే. నక్షత్రం ఒక్కటి కలిసిందని పెళ్లి చేసేసినట్టుంది వీళ్ల వ్యవహారం. స్విఫ్ట్ హబ్ (చక్రం మధ్య రంధ్రంలో దూరే దిమ్మ) 54.1 మిల్లీమీటర్లు, సిటీ చక్రం మధ్య రంధ్రం 56.1. ఆ రెండు మిల్లీమీటర్ల ఖాళీలో రింగు వేయాలి. వేశాడా? వేయలేదు. గుంటూరు రోడ్డు మీద 80 దాటితే స్టీరింగ్ వణుకుతుంటే "బ్యాలెన్సింగ్ చేయించండి సార్" అన్నాడు, దానికీ డబ్బులు లాగాడు. చివరికి ఆటోనగర్‌లో లేత్ దగ్గర ఒక పెద్దాయన హబ్ కొలిచి, అల్యూమినియం రింగులు తిప్పి ఇచ్చాడు. వణుకు అక్కడితో పోయింది. ఆయన షాపుకి గాజు తలుపుల్లేవు, ఏసీ లేదు, ఇన్‌స్టా రీల్స్ అసలే లేవు. కొలిచే వెర్నియర్ ఉంది.

ఇంకో ముచ్చట. సిటీవి అని అమ్మాడు కదా, అసలు హోండా చక్రాలైతే నట్టు కూర్చునే చోటు గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. వీటికి గరాటులా ఏటవాలుగా ఉంది. అంటే ఇవి సిటీ అలాయ్స్‌ని చూసి ఎవడో పోతపోసినవి! ముందు నుంచి చూస్తే అచ్చం అవే. వెనక నుంచి చూస్తే ఊచ ఇంత లావు, క్యాలిపర్ మీదకి వంగి కూర్చుంది. ఆఫ్‌సెట్ (రిమ్ నడిమధ్య నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత దూరమో ఆ కొలత) ఎంతుంటే ఏం లాభం? ఆఫ్‌సెట్ ఒకటే ఉన్న రెండు చక్రాలకి వెనక ఊచల వంపు వేరుగా ఉండొచ్చు, క్యాలిపర్‌కి తగిలేది ఆ వంపే. ఇది వాడికి తెలీదా? తెలుసు. వాడి సొంత కారుకి మాత్రం కంపెనీ చక్రాలే ఉన్నాయి, నేను చూశా.

ఇప్పుడు తరువాతి మందు రాశాడు: స్పేసర్, అంటే హబ్‌కీ చక్రానికీ మధ్య వేసే ప్లేటు. "అయిదు ఎంఎం ప్లేటు వేస్తే అయిపోతుంది సార్." అయిదు ఎంఎం ప్లేటు వేస్తే ఊచ క్యాలిపర్‌కి దూరం జరిగేది నిజమే. కానీ స్టడ్ (హబ్ నుంచి బయటికొచ్చే మర కడ్డీ) మీద నట్టుకి దొరికే మరలో అయిదు ఎంఎం పోతుంది కదా తండ్రీ. స్విఫ్ట్ స్టడ్ 12 ఎంఎం, మర పిచ్, అంటే ఒక చుట్టుకి నట్టు జరిగే దూరం, 1.25 ఎంఎం. కనీసం స్టడ్ లావంత లోతు నట్టు పట్టాలి, అంటే తొమ్మిదీ పది చుట్లు తిరగాలి. నాలుగైదు చుట్లకే బిగుసుకుంటే ఆ చక్రం దేవుడి దయ మీద ఉన్నట్టే. పైగా చదును ప్లేటు వేస్తే హబ్ అంచు దానిలోనే మునిగిపోతుంది, రింగు కూర్చోవడానికి చోటుండదు, మళ్లీ వణుకు. పొడుగు స్టడ్‌లు మార్చి, హబ్ అంచు ఉన్న స్పేసర్ వేయాలి. ఆ మాట అంటే "అంత అవసరం లేదు సార్, అందరూ ఇలాగే వేసుకుంటున్నారు." ఈ అందరూ ఎవరో నాకు ఒక్కసారి చూపించండి!

చెక్ చేయడం బ్రహ్మవిద్యా? పిల్లలు ఆడుకునే క్లే చిన్న ముద్ద తీసుకుని క్యాలిపర్ మీద అంటించాలి. చక్రం బిగించి ఒక చుట్టు తిప్పాలి. విప్పి, ముద్ద ఎంత మందం మిగిలిందో చూడాలి. కొత్త ప్యాడ్లతో మూడు ఎంఎం అయినా లేకపోతే ఆ చక్రం అమ్మకూడదు. రిమ్ లోపల అంటించే బ్యాలెన్సింగ్ బరువులు కూడా క్యాలిపర్‌కి తగులుతాయి, అదీ చూడాలి. పది రూపాయల క్లే. అది చేయడానికి బద్ధకం, రీల్‌కి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వెతకడానికి మాత్రం గంట.

అయినా అసలు ఈ ఖర్మ నాకెందుకు పట్టింది? కార్ల కంపెనీల వల్ల! కింది వేరియంట్‌కి ఇనుప చక్రం, దాని మొహం కనపడకుండా ప్లాస్టిక్ మూత. అలాయ్స్ కావాలంటే పై వేరియంట్ కొనాలి. అందులో అలాయ్స్ ఒక్కటే ఇవ్వరు. కొన్ని కార్లలోనైతే సన్‌రూఫ్ కొనాలి, లోపల రంగు దీపాలు కొనాలి, మనం ఒక్కసారీ వాడని వాయిస్ కమాండ్ కొనాలి. మే నెలలో విజయవాడలో సన్‌రూఫ్ దేనికయ్యా, వడియాలు పెట్టుకోవడానికా? నాకు నాలుగు మంచి చక్రాలు కావాలి బాబూ అంటే, షోరూమ్‌లో టై కట్టుకున్న కుర్రాడు "టాప్ మోడల్‌కి వెళ్లండి సార్, రీసేల్ బాగుంటుంది" అన్నాడు. కారు ఇంకా కొనలేదు, అప్పుడే నాతో అమ్మించేస్తున్నాడు. ఆ మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. చక్రాలకి లక్షన్నర ఎక్కువ కట్టే స్తోమత లేనివాడే కదా ఇలాంటి షాపుల మెట్లెక్కేది!

కామెంట్లలో "కంపెనీ వీల్సే బెస్ట్ బ్రో" అని జ్ఞానం పంచబోయేవాళ్లు ముందు మీ కారు ఏ వేరియంటో రాసి, తరువాత పంచండి.

ఇనుప చక్రాలు అటక మీంచి దించి బిగించేశా, శబ్దం లేదు. ఈ నాలుగు ఆణిముత్యాల్ని రేపు పొద్దున్నే వాడి షాపు ముందు దించుతున్నా. డబ్బు వెనక్కి ఇస్తే సరే. "ప్యాడ్లు అరగదీయించారా సార్" అని మళ్లీ అన్నాడంటే మాత్రం లైవ్ పెడతా, అందరూ రండి.