గద్దించే ముందు పక్కన కూర్చోవాలి
తప్పు చేస్తే మొహమాటం లేకుండా గద్దించేవాడే నిజమైన క్రైస్తవ స్నేహితుడని, బైబిల్లోని సామెతలు 27:6 (మేలు కోరే స్నేహితుడు గాయం చేస్తాడనే వచనం) చూపించి ఒకరు రాశారు. కాదనను, కానీ ఎప్పుడు గద్దించాలనేదే అసలు సంగతి. బైబిల్లో కష్టాలపాలైన యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు 7 పగళ్లు, 7 రాత్రులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నంతసేపూ మంచివాళ్లే, నోరు తెరిచి నీ పాపం వల్లే ఇదంతా అని నిందించాకే చెడింది. మాది కావలి దగ్గర పల్లె. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలి నా రొయ్యల గుంట మొత్తం పోయినప్పుడు, ప్రార్థన తగ్గించావు కాబట్టే ఇలా అయిందని సంఘంలో ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి మరీ చెప్పిపోయారు (కాఫీ కూడా తాగారు). సండేస్కూల్ నాటి నేస్తం ఒకడు మాత్రం సాయంత్రాలు వచ్చి గట్టు మీద ఊరికే కూర్చుని పోయేవాడు. బైబిలు కూడా తియ్యలేదు. నెల తర్వాత వాడే, "ఒరే, మళ్లీ అప్పు చేసి రొయ్యపిల్లల సీడ్ వేశావంటే నీతో మాట్లాడను" అని గట్టిగా తిట్టాడు. ఈ ఏడు గుంట ఎండబెట్టే ఉంచాను.