గల్ఫ్ స్ట్రీమ్ ఆగిపోతుందా? ఆ ఫార్వర్డ్‌లో ఉన్న తప్పులివి

"గ్రీన్‌లాండ్ మంచు కరిగి గల్ఫ్ స్ట్రీమ్ ఆగిపోతోంది, 2025లోనే ఆగుతుందని శాస్త్రవేత్తలు తేల్చేశారు, ఆగిన వారంలో యూరప్ గడ్డకడుతుంది, కాబట్టి భూమి వేడెక్కుతోందన్నది అబద్ధం" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గల్ఫ్ స్ట్రీమ్ అంటే అట్లాంటిక్ సముద్రంలో అమెరికా తూర్పు తీరం వెంట ఉత్తరానికి పారే వెచ్చని నీటి ప్రవాహం. ఇందులో కొంత నిజం కలిసి ఉంది, జనం నమ్మేది అందుకే.

ముందు ఒకటి, గల్ఫ్ స్ట్రీమ్ ఆగదు. దాన్ని ప్రధానంగా నడిపేది గాలి. ఉష్ణమండలంలో తూర్పు నుంచి, ఇంకా ఉత్తరాన పడమర నుంచి వీచే గాలులు అట్లాంటిక్ నీటిని పెద్ద సుడిలా తిప్పుతాయి, భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఆ సుడి పడమటి అంచు ఇరుకై వేగం అందుకుంటుంది. ఫ్లోరిడా జలసంధి దగ్గరే సెకనుకు దాదాపు 3 కోట్ల ఘనపు మీటర్ల నీరు పోతుంది, ప్రపంచంలో నదులన్నీ కలిపినా అందులో ఇరవయ్యో వంతు రావు. గాలి వీస్తూ, భూమి తిరుగుతూ ఉన్నంతకాలం అది ఉంటుంది.

బలహీనపడే ప్రమాదం ఉన్నది ఏమాక్ అనే వేరే చక్రానికి. అట్లాంటిక్‌లో వెచ్చని ఉప్పునీరు పైపైన ఉత్తరానికి వెళ్లి, అక్కడ చల్లబడి బరువెక్కి అడుక్కి దిగి, లోతుల్లోంచి దక్షిణానికి తిరిగొస్తుంది. గ్లాసు మంచినీళ్లలో ఇంకు కలిపిన ఉప్పునీళ్లు అంచు మీదుగా మెల్లగా పోసి చూడండి, రంగు జారుకుంటూ అడుక్కి పోతుంది. ఉప్పునీళ్ల మీద మంచినీళ్లు పోస్తే పైనే ఉండిపోతాయి. గ్రీన్‌లాండ్ నుంచి కరిగొచ్చే నీరు చేసేది ఈ రెండో పనే, పై నీటిలో ఉప్పు పలచబడి దిగడం కష్టమవుతుంది.

ఇక 2025 సంగతి. 2023లో వచ్చిన ఒక పరిశోధనాపత్రం ఏమాక్ కుప్పకూలే కాలాన్ని 2025 నుంచి 2095 మధ్య అని అంచనా వేసింది, అదీ ఈ శతాబ్దం మధ్యలో ఎక్కువ అవకాశమని. మెసేజ్ రాసినవాళ్లు మొదటి సంఖ్య ఒక్కటే పట్టుకున్నారు. ఆ లెక్క సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల నుంచి పరోక్షంగా కట్టింది, దాన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలు చాలామందే ఉన్నారు. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్ర బృందం ఐపీసీసీ 2021 నివేదిక ఈ శతాబ్దంలో ఏమాక్ బలహీనపడే అవకాశం చాలా ఎక్కువంది, 2100 లోపు హఠాత్తుగా కూలదని మాత్రం ఓ మోస్తరు నమ్మకంతోనే చెప్పింది. ఆ "ఓ మోస్తరు" అన్న మాట దగ్గరే నాకు టెన్షన్.

వారంలో గడ్డకట్టడం సినిమా కథ. కూలినా ఆ మార్పుకు దశాబ్దాలు పడుతుంది.

చివరి మాటే అన్నిటికన్నా తప్పు. మంచు కరుగుతున్నదే వేడి వల్ల! గ్రీన్‌లాండ్‌కు దక్షిణాన సముద్రంలో ఒక ముక్క మాత్రం చల్లబడింది, ఏమాక్ నెమ్మదించడమే దానికి ముఖ్య కారణమని చాలామంది శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. పైగా ఏమాక్ బలహీనపడితే ఉత్తరానికి చేరని వేడి ఎక్కడికీ పోదు, దక్షిణార్ధగోళంలో మిగిలిపోతుంది, దాంతోపాటు ఉష్ణమండల వానల పట్టీ దక్షిణానికి జరుగుతుంది. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహెల్ ప్రాంతంలో, ఆసియాలో రుతుపవనాల మీద బతికే కోట్లమంది రైతులకు అది నేరుగా తగిలే దెబ్బ, ఆ మెసేజ్‌లో వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.